మీసాల్లేని ఇల్లు

మా ఇంట్లో మగవాళ్లెవరికీ మీసాలు ఉండేవి కావు. కళ్యాణదుర్గం పక్క పల్లెల్లో ఇది చిన్న సంగతి కాదు. అక్కడ వాన లేకపోయినా మనిషి బతుకుతాడు గానీ, మీసం లేకుండా నలుగురిలోకి రాడు. మా తాతకు లేదు, మా నాయనకు లేదు, చిన్నాయనకు లేదు. కొత్తగా వచ్చినవాళ్లు మాకేదో దేవుడి మొక్కు ఉందనుకునేవాళ్లు. చెనిక్కాయలు కొనడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన ముగ్గురి మొహాలూ చూసి, ఇంట్లో ఏదో అశుభం జరిగిందనుకొని, గొంతు తగ్గించి "ఎవరప్పా పోయింది?" అని అడిగాడు.

"మీసాలు పోయినాయి. మనుషులంతా ఉండాము, కూచో" అన్నాడు తాత.

దీనంతటికీ కారణం మా మేనత్త. మా నాయనకు చెల్లెలు. రెండో తరగతి చదువుతుండగా ఆమెకు పెద్ద జ్వరం వచ్చిందట. బతకదనుకున్నారు. జ్వరం దిగి లేచి కూర్చున్న రోజు తాత సంతోషం పట్టలేక మంచం పక్కన చేరి ఏదేదో చెబుతుంటే, అత్త ఆయన మొహం వైపు కాసేపు చూసి, "నాయనా, నీ నోరు కనపడల్యా" అని ఏడ్చిందట. ఆ మాటకు అర్థమేమిటో ఇంట్లో వెంటనే ఎవరికీ తెలియలేదు. అవ్వ వెనక నుంచి ఇత్తడి బిందె కింద పడేసినప్పుడు తెలిసింది. అత్త తల తిప్పలేదు.

తాత మీసం అల్లాటప్పా మీసం కాదు. పాలు తాగితే వడగట్టుకొని తాగాలి, అంత గుబురు. ఆయన ఆ రోజే మంగలి దగ్గరికి పోయి తీసేయమన్నాడట. మంగలి కత్తి పట్టుకొని, "పెద్దాయనా, నిజంగానేనా? తలకా, మూతికా?" అని మళ్లీ మళ్లీ అడిగాడట. ఇంటికి వచ్చిన తాతను చూసి అవ్వ కొత్తమనిషి అనుకొని కొంగు కప్పుకుంది. అత్త మాత్రం మంచం మీద నుంచే నవ్వింది. ఆ రోజు నుంచి తాత ఏం చెప్పినా అత్తకు అర్థమయ్యేది. తర్వాత మా నాయనకూ చిన్నాయనకూ మీసాలు వచ్చే వయసు వచ్చి, అద్దం ముందు మురిసిపోతుంటే, తాత ఒక్కటే అన్నాడట. "మీ చెల్లెలికి చెప్పేదేమీ లేదనుకుంటే పెంచుకోండి." ఇద్దరూ మరుసటి రోజే గీయించుకున్నారు.

నేను పుట్టేసరికి ఇదంతా ఇంటి అలవాటుగా స్థిరపడిపోయింది. ఇల్లంటే ఇలాగే ఉంటుందనుకొని పెరిగాను. మా ఇంట్లో ఎవరూ వీపు తిప్పి మాట్లాడరు. పక్క గదిలో నుంచి కేక వేయరు. చెప్పాల్సింది ఉంటే ఎదురుగా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, మొహం చూపించి చెప్పాలి. అవ్వ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ మాట గుర్తొస్తే, కట్టె చేతిలో పట్టుకొనే వెనక్కి తిరిగేది. ఇల్లంతా సంగటి చుక్కలు. ఎవరైనా బంధువుల ఇంటికి పోతే అక్కడి మనుషులు గోడలతో మాట్లాడుతున్నట్లు అనిపించేది నాకు. నాకు పెళ్లైన కొత్తలో మా ఆయన స్నానాల గదిలో నుంచి "టవలు" అని అరిస్తే నేను పలకలేదు. పలకకూడదని కాదు, అది నాతో అన్న మాటే అనిపించలేదు.

కరెంటు పోతే ఇంకా బాగుండేది. ఆ రోజుల్లో మాకు కరెంటు రావడమే విశేషం, పోవడం కాదు. చీకటి పడి బల్బు ఆరితే ఇల్లు ఒక్కసారిగా మూగబోయేది. కిరసనాయిలు దీపం ఒకటే ఉండేది. మాట్లాడాలనుకున్నవాళ్లు దాన్ని అందుకొని గడ్డం కింద పట్టుకోవాలి. దీపం ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది. మా నాయన, చిన్నాయన బోరు ఎక్కడ వేయాలని కొట్లాడుకున్నప్పుడు కూడా దీపం ఒకరి చేతిలో నుంచి ఒకరు లాక్కొని కొట్లాడుకున్నారు. మధ్యలో అత్త ఒకరి మొహం, ఒకరి మొహం చూస్తూ, చివరికి తానే దీపం అందుకొని, "యాడ వేసినా నీళ్లు పడవు. అన్నం తినండి" అని తేల్చేసింది. నీళ్లు పడలేదు కూడా.

అత్త గొంతు మా చేను లాంటిది. ఎత్తూ పల్లమూ ఉండదు, ఒకే పెద్ద చదును. రహస్యం చెప్పినా ఊరంతటికీ వినపడేది. కానీ కళ్లు మాత్రం గద్ద కళ్లు. ఆషాఢం గాలికి చేలో పక్క సాలులో ఉన్నవాళ్ల మాట కూడా ఎగిరిపోయేది. చెవులున్న మేమంతా చెవిటివాళ్లమయ్యే ఆ రోజుల్లో అత్త ఒక్కతే మాకు దిక్కు. గట్టు అవతల నాయన నోరు కదిలిస్తే ఈడ అత్త చెప్పేది, "సద్ది తెమ్మంటాండాడు." రెడ్ల అరుగు మీద పెద్దమనుషులు దూరంగా గుసగుసలాడితే అదీ చెప్పేది. ఆమె వీధిలో వస్తుంటే కొందరు పైగుడ్డ మూతికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఊళ్లో ఆమెను చెవిటిదని ఎగతాళి చేసినవాళ్లు తక్కువ, భయపడినవాళ్లు ఎక్కువ.

కోపం వస్తే అత్త కళ్లు మూసుకునేది. అంతే, ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పలేరు. అరిచినా, బతిమాలినా వృథా. అవ్వ తల పట్టుకొని, "దీనికి దేవుడు చెవులు తీసుకొని తలుపులు ఇచ్చినాడు" అనేది.

అత్తకు పెళ్లి కాలేదు. వచ్చిన ఒక సంబంధం వాళ్లు "వినపడకుంటే మొగుడు చెప్పేది ఎట్ల వింటాది?" అన్నారట. "వినపడేవాళ్లంతా వింటాండారా?" అన్నాడట తాత. అవ్వ పక్కకు చూసి నవ్వు ఆపుకుందని మా అమ్మ చెప్పేది. నవ్వులు సరే గానీ, తొంభైల చివరికి వచ్చేసరికి తాతకు ఆయాసం మొదలైంది. అవ్వకు చూపు తగ్గింది. వరసగా కరువు. మా నాయన బెంగళూరులో కట్టడం పనులకు పోయి వచ్చేవాడు. ఒక రోజు తాత నాతో అన్నాడు, "మేము పోయినాక ఆ పాపకు ఎవరు మొహం తిప్పి మాట చెప్తారు మ్మే? అన్నం ఎవరైనా పెడతారు. మాట ఎవరు పెడతారు?"

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీకి వచ్చే పేపర్లో చూశాను, ఆడపిల్లల హాస్టల్లో కమాటి పోస్టు, వంటకు సాయం చేసే పని, వికలాంగుల కోటాలో వినికిడి లేనివాళ్లకని. హాస్టలు కళ్యాణదుర్గం వైపే. అత్త వంట గురించి నేను చెప్పకూడదు, ఆమె నూరిన ఊరిబిండి పచ్చడి రుచి నా నాలుక మీద నుంచి ఇప్పటికీ పోలేదు. సర్కారు ఉద్యోగం, ఉండడానికి గది, ఎవరి చేతి కిందా బతకనక్కర లేదు. తాతకు ఆ మాట చెప్తే ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు, ఆ క్షణమే బస్సెక్కేటట్లు. ఒక్కటే కావాలి, చెవుడు అని డాక్టరు రాసిన సర్టిఫికెట్. "అదేం కష్టమప్పా, చెవుడు ఉండాది కదా" అన్నాడు తాత. మేమూ అంతే అనుకున్నాం.

ఏ ఆసుపత్రో చెప్పను. ఆ డాక్టరుగారికి ఇప్పుడు మనవళ్లుంటారు, ఆయన తప్పేమీ లేదు. సర్కారు ముందుకు పోతున్నామని అవ్వ అత్తకు పెట్టెలో ఉన్న పట్టు చీర కట్టించింది, తలలో కనకాంబరాలు పెట్టింది. తాత ఉతికిన పంచె, నేను నా మంచి లంగా ఓణీ. అక్కడ వరండాలో వరస కట్టి ఉన్నవాళ్లను చూస్తే మాకే సిగ్గేసింది. చంకలో కర్ర పెట్టుకొని, పోలియో కాలితో నిలబడ్డ ఒకాయన మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, "పెండ్లి ఈడ కాదన్నా, పక్క వీధి" అన్నాడు. ఆయన ఆ వరండాకు పాత కాపు. ఎవరు ఏ వరసలో నిలబడాలో ఆయనే చెబుతున్నాడు. కాళ్లూ చేతులూ ఒక వరస, కళ్లు ఒక వరస, చెవులు ఒకటి, మతి సరిగా లేనివాళ్లు ఒకటి. నలభై శాతం దాటితేనే కాగితానికి విలువ అని, దాటనివాళ్లు ఊరికే బాధపడాల్సిందేనని కూడా ఆయనే చెప్పాడు.

ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి తాగి నడుము వంగి, మెడ తిరగని ముసలాయన ఒకడు నేల చూస్తూనే అడిగాడు. "కండ్లుండాయి, చెవులుండాయి, కాళ్లూ చేతులూ ఉండాయి. ఏ వరసలో నిలబడాల నాయనా నేను?" పోలియో ఆయన ఆ వంగిన నడుము వైపు చూశాడు. "ఎముకల వరసలో నిలబడు తాతా, వాళ్లకే తెలియాల" అన్నాడు. మా జిల్లాలో అలా వంగినవాళ్లు ఊరికి ఎంతమందో. ఆ ముసలాయనకు ఎంత శాతం వేశారో నాకు తెలియదు. ఆ ప్రశ్న మాత్రం మర్చిపోలేదు.

చెవుల డాక్టరుకు మీసం లేదు. అత్త ఆయన్ను చూడగానే, "మీసం లేదు, మంచోడు" అంది, వరండా అంతా వినేటట్లు. ఆయన నవ్వి, మమ్మల్ని పరీక్ష గదికి పంపాడు. గాజు కిటికీ ఉన్న చిన్న గది. లోపల అత్తను కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తాలని నేను చెప్పాను. బయట మిషను ముందు ఒక కుర్రాడు కూర్చున్నాడు. కిటికీకి ఇవతల నేను, తాత.

ఒక మాట చెప్పాలి. జ్వరంతో బడి మానేసిన అత్తకు అది జీవితంలో మొదటి పరీక్ష. పలక, బలపం వదిలిపెట్టిన పిల్ల మళ్లీ బెంచీ ఎక్కినట్లే. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. పాస్ కావాలన్న పట్టుదల ఆమె మొహంలో కనిపిస్తోంది. మిషను కుర్రాడు మీట నొక్కినప్పుడు అతని భుజం కొద్దిగా కదిలేది. మేము పట్టించుకోలేదు గానీ, అత్త కళ్లకు కనపడకుండా ఉంటుందా? భుజం కదలగానే చెయ్యి ఎత్తింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఎత్తింది. కిటికీ ఇవతల తాత, కూతురు టకటకా చెయ్యి ఎత్తుతుంటే మురిసిపోయి, భేష్ అన్నట్లు తల ఊపుతున్నాడు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను. మా అత్త బాగా చేస్తోందనే అనుకున్నాను! ఫెయిలైతేనే పాసని మాలో ఒక్కరికీ తట్టలేదు.

డాక్టరు కాగితం చూసి, అత్త వైపే తిరిగి, "చెవులు బాగానే ఉన్నాయమ్మా. అదృష్టవంతురాలివి" అన్నాడు.

వరండాలోకి వచ్చాక పోలియో ఆయన సంగతంతా విని కర్రతో నేల మీద కొట్టాడు. "ఏం పెద్దాయనా, పరీక్షలో పాస్ చేయించి తెస్తివా? ఇంటి గొప్పలు ఇంట్లో పెట్టి రావాలప్పా ఈడికి!" అప్పుడు తెలిసింది మాకు. తాత మొహం వాడిపోయింది.

కానీ అత్త? ఆమె సంతోషం చూడాలి. డాక్టరు పెదవుల మీద "బాగానే ఉన్నాయి" అన్న మాట ఆమె స్వయంగా చదివింది కదా. ఇంటికి రాగానే అవ్వతో, "అమ్మా, నేను పాసైనా. నాకు వినపడతాదంట" అంది. తన తలలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుందని, అదే వినికిడి అయి ఉంటుందని, తనకే ఇన్నాళ్లూ తెలియలేదని చెప్పింది. ఆ వారమంతా రోలు మీద చెవి ఆనించి చూసేది. ఆవు మెడలో గంట పట్టుకొని ఊపి చూసేది. ఒక సాయంత్రం నన్ను పెరట్లోకి తీసుకుపోయి, అటు తిరిగి నిలబడి, "పిలువు మ్మే" అంది. నేను పిలిచాను. వీపు కదల్లేదు. మళ్లీ పిలిచాను. కాసేపటికి అత్త, "పిలువు మ్మే, ఎందుకు పిలవకుండా ఉండావు?" అంది. నేను ముందుకు వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాను. నా కళ్లలో నీళ్లు చూసి ఆమె ఇంట్లోకి పోయింది.

తాతే చెప్పాడు చివరికి. కరెంటు లేదు, దీపం గడ్డం కింద పట్టుకున్నాడు. "నీకు వినపడదు పాపా. ఆడ చెయ్యి ఎత్తకూడదు."

"మరి ఆ పొద్దు నువ్వు తల ఊపితివి కదా నాయనా?"

"నువ్వు చెయ్యి ఎత్తుతాంటే ముద్దొచ్చినావు, ఊపినా. నా బుద్ధి గడ్డి తినింది."

అత్త దీపం అందుకొని ఊది ఆర్పేసింది.

మళ్లీ పోయాం. ఈసారి పాత నేత చీర, పువ్వులు లేవు. డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టాడు. ముందు వినపడినామెకు ఇప్పుడు చెవుడు ఎలా వచ్చిందని అడిగాడు. ఆయన అనుమానం న్యాయమే. పేకాటలో ముక్కలు బాగా కనపడేవాళ్లు గుడ్డివాళ్లమని కాగితం అడిగే రోజులవి. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక్కి పోయి, చప్పుడు లేకుండా ఇనప పళ్లెం ఒకటి తీసి బండ మీద పడేశాడు. నేను, తాత ఉలిక్కిపడ్డాం. అత్త ఎదురుగా ఉన్నది తాత. ఆయన ఉలికిపాటు చూసి అత్త చటుక్కున వెనక్కి తిరిగింది.

"చూశారా" అన్నాడు డాక్టరు.

అప్పుడు నాకు తెలియకుండానే నోరు లేచింది. "సార్, ఆమె చెవులతో వినల్యా. మా తాత మొహంతో వినింది. మా ఇంట్లో ఆమెకు చప్పుళ్లన్నీ మా మొహాల్లోనే ఉంటాయి" అన్నాను. సర్కారు డాక్టరు ముందు అంత గొంతు నాదేనా అని నేనే ఆశ్చర్యపోయాను. ఆయన తాత నున్నటి మూతి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ మూతి కథ నేను రెండు మాటల్లో చెప్పాను. ఆయన కింద పడ్డ పళ్లెం తీసి పక్కన పెట్టాడు. తర్వాత తానే మాతో పరీక్ష గది దగ్గరికి వచ్చాడు.

మిషను కుర్రాడి చేతులకూ భుజాలకూ అడ్డంగా ఒక పెద్ద అట్ట పెట్టించాడు. తర్వాత మా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "మీరిద్దరూ గోడ వైపు తిరిగి నిలబడండి. అయిపోయేదాకా తిరగొద్దు. తిరిగితే ఈ కాగితం కూడా పనికిరాదు."

తాత గోడ వైపు తిరిగాడు. అత్తకు చెవుడు వచ్చిన నాటి నుంచి ఆయన ఆమెకు వీపు చూపించడం అదే మొదటిసారి. నేనూ తిరిగాను. నా ముందు పిల్లలకు చుక్కల మందు వేయించమని రాసిన పటం ఉంది. వెనక ఏం జరుగుతోందో తెలియదు. మీట చప్పుడు టక్కుమంటోంది, ఆగుతోంది, మళ్లీ టక్కుమంటోంది. అంతలో గాజు అవతల నుంచి, మూసిన తలుపులో నుంచి, ఎత్తుపల్లాలు లేని ఆ గొంతు వచ్చింది.

"నాయనా."

తాత కదల్లేదు.

"నాయనా, ఇట్ల తిరుగు. ఏం చెప్తాండారో నాకు తెలియడంల్యా."

తాత రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడ్డాడు. గోడను తోస్తున్నవాడి మాదిరి. మెడ మీద నరాలు పొంగాయి. "నాయనా" అని మళ్లీ పిలిచింది. సంతలో తప్పిపోయిన చిన్నపిల్ల పిలిచినట్లు పిలిచింది. ఆయన గోడకే, పెదవులు కదిలిస్తూ, ఏదో చెప్పుకుంటున్నాడు. తిరగలేదు. ఒక్కసారి తల తిప్పితే చాలు, ఆమె గుండె కుదుటపడేది. తిప్పితే కాగితం పోయేది. నేను పటంలోని పిల్లవాణ్ణి చూస్తూ ఏడ్చాను.

అత్త ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. పూర్తి చెవుడు అని డాక్టరు రాసి, ముద్ర వేసి, కాగితం రెండు చేతులతో తాతకు ఇచ్చాడు. వరండాలో పోలియో ఆయన "సాధించినావు పెద్దాయనా!" అని కర్ర ఎత్తాడు. అక్కడే బండి మీద ఉగ్గాని బజ్జీ ఇప్పించాను. అత్త ముట్టలేదు.

బస్సెక్కగానే కళ్లు మూసుకుంది. కిటికీ పక్కన ఆమె, ఈ చివర తాత, వెనక సీట్లో నేను. ఎండిపోయిన చెనిక్కాయ చేలు, బోర్లు వేసే లారీల దుమ్ము, ఊళ్లు ఒకటొకటే వెనక్కి పోతున్నాయి. తాత ఆమె వైపు పక్కకు తిరిగి, మెడ వంచి, ఆ మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. కండక్టరు వచ్చి టికెట్టు అడిగినా తల తిప్పలేదు, డబ్బులు వెనక నుంచి నేను ఇచ్చాను. మెడ పట్టేస్తుంది తాతా అంటే చెయ్యి అడ్డం ఊపాడు. ఆమె ఎప్పుడు కళ్లు తెరుస్తుందో, తెరిచినప్పుడు తన మొహం ఎదురుగా లేకపోతే ఎలా అని ఆయన భయం.

మా ఊరి మలుపు దగ్గర బస్సు కుదుపుకు అత్త కళ్లు తెరిచింది.

"నువ్వు పిలిచింది నాకు వినపడింది పాపా" అన్నాడు తాత.

అత్త ఆయన పెదవుల వైపు చాలాసేపు చూసింది. "నాకు వినపడల్యా. నీకు వినపడినా నువ్వు తిరగల్యా. ఇద్దరికీ సర్టిఫికెట్ ఇయ్యాల" అంది. వెనక సీట్లో నాకు నవ్వొచ్చింది. తాతకు మాత్రం కళ్లు తుడుచుకోవడానికి పైగుడ్డ చాల్లేదు.

ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఆమె గది చూడడానికి అవ్వ, తాత మొదటిసారి పోయినప్పుడు వార్డెనమ్మ దూరం నుంచే ఏదో చెబుతుంటే, అత్త దగ్గరికి పోయి ఆమె గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుందట. అవ్వ భయంతో బిగుసుకుపోయింది. వార్డెనమ్మ నవ్వేసిందట. కొన్నాళ్లకు నేను పోతే ఆడపిల్లలంతా ప్లేటు పట్టుకొని వరసలో వచ్చి, అత్త భుజం తట్టి, మొహం చూపించి, "ఇంకొంచెం పప్పు అక్కా" అంటున్నారు. అందరిదీ మా యాసే కాబట్టి అత్తకు బాధ లేదు. కరెంటు పోతే కొవ్వొత్తి ఎవరి చేతిలో ఉండాలో కూడా వాళ్లకు నేర్పేసింది. తాత ఆ సంగతి నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. అన్నీ విని, "అయితే సరే, ఇంక పోవచ్చు" అనేవాడు. అవ్వ తిట్టేది.

ఉద్యోగం వచ్చిన కొత్తలోనే అవ్వ అంది, "పాప దిగులు తీరింది కదా, ఇప్పుడన్నా మీసం పెంచు. నీ మీసం చూసి ఎన్నాళ్లయ్యా." తాత గడ్డం నిమురుకున్నాడు. ఆశ లేక కాదు. "ఆదివారం పాప వస్తాది కదా" అన్నాడు. అంతటితో ఆ మాట పోయింది.

తాత ఆయాసంతోనే పోయాడు. అప్పటికి కొన్నేళ్లుగా వానలు ఎగ్గొట్టి, ఆ ఏడు కాస్త పడింది, చేలు పచ్చగా ఉన్నాయి. కర్మకు వచ్చిన మంగలి, మా నాయన తల గీసి, మూతి దగ్గరికి వచ్చి, "ఈడ తీసేదానికేమీ లేదు కదప్పా" అన్నాడు. ఏడుపులోనూ అందరం నవ్వాం. తాత ఉంటే ఆయనా నవ్వేవాడు.

గోడకు పెట్టడానికి మంచి ఫోటో లేదు. రేషన్ కార్డు కోసం తీసిన చిన్నది ఒకటుంది, దాన్నే పెద్దది చేయించాలని నేను, అవ్వ, అత్త కళ్యాణదుర్గంలో ఒక స్టూడియోకు పోయాం. అక్కడాయన కంప్యూటరులో తాతను పెద్దది చేసి, నలిగిన చొక్కా తీసి తెల్ల చొక్కా తొడిగాడు, వెనక నీలం రంగు పూశాడు. అంతా బాగా చేశాడు. తర్వాత, "పెద్దాయనకు మీసం పెట్టేదా అమ్మా? అందరూ పెట్టిచ్చుకుంటారు, బాగుంటాది" అన్నాడు. అవ్వ కళ్లు మెరిశాయి. ఆమె పెళ్లి చేసుకొని వచ్చింది ఆ మీసాన్నే కదా. "పెట్టు నాయనా" అంది. ఆయన ఏదో నొక్కాడు. తెర మీద తాతకు గుబురు మీసం వచ్చింది. అవ్వ తెరకు దగ్గరగా వంగి, చూపు ఆనకపోయినా చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్త అంతవరకు నా భుజం మీదుగా చూస్తోంది. చెయ్యి చాచి, తెర మీద ఆ మీసాన్ని అరచేత్తో మూసేసింది. స్టూడియో బయట బజారు దాకా వినపడేటట్లు అంది.

"తీసెయ్యి అన్నా. మా నాయన మాట్లాడేది నాకెట్ల తెలియాల?"